చేతి తుపాకి ధర ఎలా నిర్ణయమవుతుంది?

సంతలో కొడవలి కొనేటప్పుడు దాని ధర ఎలా వచ్చిందో మనకు తెలుసు. ఇనుము ఖరీదు, బొగ్గుల ఖర్చు, కమ్మరి కూలి, ఆపైన కొద్దిపాటి లాభం. నగ చేయించుకుంటే బంగారం తూకం, తరుగు, మజూరి వేరువేరుగా చీటీ మీద వ్రాసి ఇస్తారు. కాని కొన్ని సరుకుల విషయంలో తయారీ ఖర్చుకూ, కొనుగోలుదారు చెల్లించే ధరకూ నడుమ ఉన్న బంధం చాలా పలుచన. చేతి తుపాకి అటువంటి సరుకు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2017 జనవరిలో అమెరికా సైన్యం తన పాత పిస్తోళ్లను మార్చదలచి, సిగ్ సావర్ అనే కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నది. ఆ ఒప్పందం గరిష్ఠ విలువ 58 కోట్ల డాలర్లు. ఒక్కొక్క పిస్తోలు సైన్యానికి సుమారు 207 డాలర్లకే పడిందని నాటి వార్తలు తెలిపాయి. అదే నమూనాకు చెందిన పిస్తోలును ఆ దేశపు సామాన్య గృహస్థుడు దుకాణంలో కొనాలంటే 500 డాలర్లకు పైగా చెల్లించవలసి ఉండేది. గొట్టం అదే, మీట అదే, తయారుచేసే యంత్రాలూ అవే. మరి ధరలో ఇంత వ్యత్యాసం ఎందుకు? తయారీదారు సైన్యానికి నష్టానికి అమ్మి మూర్ఖుడయ్యాడా? కాదు. ఆ తక్కువ ధరతో అతడు వేరొక వస్తువును సంపాదించుకున్నాడు. దాని పేరు నమ్మకం. ఆ నమ్మకాన్నే తరువాత గృహస్థుకు హెచ్చు ధరకు అమ్ముతాడు.

ఈ సంగతి మన సరిహద్దు గ్రామాల వారికి ఎందుకని కొందరు అడగవచ్చు. కోలారు, బళ్లారి, రాయచూరు ప్రాంతాల నుండి, హోసూరు, కృష్ణగిరి వైపు నుండి, బరంపురం, రాయగడల నుండి, యానాం నుండి కూడా మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు అమెరికా వెళ్లారు. "ఇక్కడ చుట్టుపక్కల వాళ్లందరి దగ్గరా తుపాకి ఉన్నదట, మేము కూడా ఒకటి కొనుక్కోవాలా?" అన్న ప్రశ్న ఫోనులో వినవస్తున్న కుటుంబాలు లేకపోలేదు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే, అక్కడ ఆ సరుకును ఎవరు, ఎలా, ఏమని చెప్పి అమ్ముతున్నారో ముందుగా తెలియాలి.

అరిగిపోని సరుకు

తుపాకి వ్యాపారంలోని ముఖ్యమైన చిక్కు ఒక్కటే. ఆ సరుకు అరిగిపోదు. చెప్పులు ఏడాదికి అరుగుతాయి, నాగలి కర్రు కొన్ని దుక్కులకు మొద్దుబారుతుంది, మోటారు సైకిలు పది పదిహేనేళ్లకు మూలన పడుతుంది. నూనె వేసి, శుభ్రంగా తుడిచి పెట్టుకున్న పిస్తోలు మాత్రం యాభై అరవై ఏళ్లైనా పనిచేస్తుంది. తండ్రి కొన్నది కొడుకుకు, కొడుకు నుండి మనుమడికి చేరుతుంది. అటువంటప్పుడు ఒకసారి కొన్నవాడు మరల దుకాణానికి ఎందుకు రావాలి?

రావాలంటే కారణం కల్పించాలి. పాతది బరువు, ఇది తేలిక అనాలి. పాతదానిలో ఆరు తూటాలే, దీనిలో పదిహేడు అనాలి. పాతది ఇంటికి, ఇది జేబుకు అనాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, కాలం చెడిపోయింది, రేపు ఏమగునో తెలియదు అనాలి. నూట డెబ్బది ఏళ్లుగా ఈ వ్యాపారంలో జరిగిన ప్రచారమంతా ఈ నాలుగు మాటల చుట్టే తిరిగింది.

ధర కట్టే పద్ధతి కూడా తెలుసుకోదగినది. అమెరికాలో తయారీదారు మొదట ఒక 'సూచిత ధర'ను ప్రకటిస్తాడు. సరుకు టోకు పంపిణీదారుకు, అతని నుండి ప్రభుత్వ లైసెన్సు గల దుకాణదారుకు చేరుతుంది. దుకాణంలో సాధారణంగా సూచిత ధర కన్నా కొంత తక్కువకే దొరుకుతుంది. సూచిత ధరను చూసి, అసలు ధరను విన్న కొనుగోలుదారుకు తాను లాభపడ్డానన్న తృప్తి కలుగుతుంది. అయితే దుకాణదారు ఇష్టమొచ్చినంత తగ్గించి పత్రికలో వేయించుకోవడానికి పలు కంపెనీలు ఒప్పుకోవు. 'ఇంతకన్నా తక్కువ ధరను ప్రకటనలో చూపరాదు' అని ఒక హద్దు గీస్తాయి. సరుకు చవకబారుదన్న పేరు పడకూడదన్నదే దీని ఉద్దేశం. ఇక పన్ను సంగతి. అడవి జంతువుల సంరక్షణ నిమిత్తం 1937లో అమెరికా చేసిన చట్టం క్రింద వేట తుపాకుల మీద పన్ను వసూలయ్యేది. 1970 నుండి చేతి తుపాకుల మీద వసూలయ్యే 10 శాతం పన్నును కూడా ఆ నిధికి చేర్చారు. ఈ సొమ్మును తయారీదారు చెల్లించినా, చివరకు భరించేది కొనుగోలుదారే.

దుకాణదారుకు తుపాకి మీద మిగిలేది స్వల్పం. మోటారు సైకిళ్లు అమ్మే దుకాణం సర్వీసింగు మీద, విడిభాగాల మీద సంపాదించినట్లే, ఇతడు తూటాలు, నడుముకు కట్టుకొనే తోలు ఒర, అదనపు తూటాల మ్యాగజైన్లు, గురి చూపే దీపాలు, శిక్షణ రుసుముల మీద సంపాదిస్తాడు. తుపాకి ఒకసారి అమ్ముడుపోతుంది, తూటాలు జీవితాంతం అమ్ముడుపోతాయి.

కోల్ట్ నేర్పిన పాఠం

ఈ వ్యాపారంలో ప్రచారానికి ఆద్యుడు శామ్యూల్ కోల్ట్. తిరిగే గుండు గదిలో తూటాలను నింపి, మరల మరల పేల్చగల రివాల్వరుకు 1836లో అమెరికాలో పేటెంటు పొందాడు. పేటెంటు ఉన్నంతమాత్రాన సరుకు అమ్ముడుపోదని అతనికి త్వరలోనే తెలిసివచ్చింది. ప్యాటర్సన్ పట్టణంలో పెట్టిన అతని కంపెనీ 1842లో మూతపడింది. 1847లో మెక్సికో యుద్ధ సమయంలో ప్రభుత్వం వేయి రివాల్వర్లు కావాలని కోరినప్పుడు అతనికి సొంత కర్మాగారం కూడా లేదు. వేరొకరి కర్మాగారంలో చేయించి ఇచ్చాడు. అయినా ఆ ఒక్క ఆర్డరు అతని దశ మార్చింది. 1855 నాటికి హార్ట్‌ఫర్డ్ నగరంలో పెద్ద కర్మాగారం వెలసింది.

కోల్ట్ గ్రహించిన సూత్రం ఏమనగా, తుపాకిని ఎవరు పట్టుకున్నారో చూసి దాని విలువను లోకం లెక్కగడుతుంది. అందుకే బంగారు చెక్కడపు పని చేయించిన తుపాకులను రాజులకు, సేనాపతులకు కానుకలుగా ఇచ్చాడు. టర్కీ సుల్తానుకూ, రష్యా చక్రవర్తికీ ఇటువంటి కానుకలు చేరాయి. 1851లో లండన్ మహా ప్రదర్శనలో తన సరుకును బారులు తీర్చి చూపాడు. జార్జ్ కాట్లిన్ అనే ప్రసిద్ధ చిత్రకారునితో తన తుపాకులు కనిపించేటట్లు వేట చిత్రాలు గీయించి, వాటి ప్రతులను అచ్చు వేయించి పంచాడు. నేటి సినిమా తారల ప్రకటనలకు ఇది ముత్తాత వంటిది. అతడు 1862లో మరణించిన తరువాత, 1873లో వచ్చిన ఆ కంపెనీ రివాల్వరుకు వ్యాపారులు 'శాంతి స్థాపకుడు' అన్న అర్థం వచ్చే పేరు తగిలించారు. ప్రాణం తీసే పనిముట్టుకు శాంతి పేరు పెట్టగలగడమే ప్రచారమంటే.

పేటెంటు విలువను కూడా ఇక్కడే గమనించాలి. కోల్ట్ పేటెంటు 1857లో ముగిసింది. అదే ఏడాది స్మిత్ అండ్ వెసన్ కంపెనీ, రోలిన్ వైట్ అనే అతని వద్ద మరొక పేటెంటు హక్కు పొంది, లోహపు తూటాలతో పేలే చిన్న రివాల్వరును విడుదల చేసింది. ఒక్కొక్క తుపాకికి వైట్‌కు ముట్టిన సొమ్ము 25 సెంట్లు, అనగా పావు డాలరు. ఆ పేటెంటు 1869 వరకు నడిచినంత కాలం పోటీదారులు అటువంటి తుపాకిని చేయడానికి వీలులేకపోయింది. పోటీ లేనప్పుడు ధర చెప్పేవాడి మాటే చెల్లుతుంది.

గ్లాక్: ముందు పోలీసు, తరువాత పొరుగువాడు

కోల్ట్ సూత్రాన్ని మన కాలంలో అందరికన్నా నేర్పుగా వాడుకున్నది ఆస్ట్రియా దేశపు గ్లాక్ కంపెనీ. దాని స్థాపకుడు గాస్టన్ గ్లాక్ తొలుత కిటికీ తెరల కడ్డీలు, సైన్యానికి కత్తులు తయారుచేసినవాడు. 1980ల ఆరంభంలో ఆస్ట్రియా సైన్యానికి కొత్త పిస్తోలు కావలసి వచ్చినప్పుడు, తుపాకి తయారీలో పూర్వానుభవం లేని ఈయన నమూనా ఎంపికయింది. చట్రం ఉక్కుతో గాక గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసినది. విడిభాగాలు ముప్పది నాలుగే. ఉక్కు దిమ్మెను చెక్కి చట్రం తీసే పాత కంపెనీల కన్నా దీని తయారీ ఎంతో చవక. అయితే గ్లాక్ ఆ చవకదనాన్ని ధరలో చూపలేదు. మంచి పిస్తోళ్ల ధరలకు దగ్గరగానే తన ధరను నిలిపి, మిగులును లాభంగా మార్చుకున్నాడు.

1985 ప్రాంతంలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అమ్మకపు కార్యాలయం తెరిచారు. 1986 ఏప్రిల్ 11న మయామీ నగరంలో ఇద్దరు బందిపోట్లతో జరిగిన కాల్పుల్లో ఎఫ్.బి.ఐ. అధికారులు ఇద్దరు మరణించారు. ఆరు తూటాల రివాల్వర్లతో దొంగలను ఎదుర్కోలేకపోతున్నామన్న ఆందోళన పోలీసు శాఖల్లో వ్యాపించింది. పదిహేడు తూటాలు పట్టే గ్లాక్ సరిగ్గా ఆ సమయానికి సిద్ధంగా ఉన్నది. కంపెనీ మనుషులు పోలీసు శాఖలకు వెళ్లి తక్కువ ధర చెప్పారు. పాత రివాల్వర్లను లెక్క కట్టి తీసుకున్నారు. కొన్నిచోట్ల పైన దాదాపు ఏమీ చెల్లించనక్కర లేకుండానే కొత్త పిస్తోళ్లు ఇచ్చారు. తీసుకున్న పాత వాటిని టోకు వ్యాపారులకు అమ్మివేశారు. మన పశువుల సంతలో ముసలి ఎద్దును ఇచ్చి కోడెను తెచ్చుకునే మారుబేరం వంటిదే ఇది.

పోలీసుల మీద మిగలని లాభం ఎక్కడ నుండి వచ్చింది? ఊరి పోలీసు నడుముకు కట్టుకున్న తుపాకినే సామాన్యుడు కూడా కోరుకుంటాడు. 'పోలీసులే దీనిని నమ్ముకున్నారు' అన్న మాట కన్నా గొప్ప ప్రకటన లేదు. ఆ మాటకు సామాన్యుడు పూర్తి ధర చెల్లించాడు. ఇదిగాక, ప్లాస్టిక్ తుపాకి విమానాశ్రయ యంత్రాలకు కనిపించదన్న పుకారు 1986లో పుట్టి, పత్రికలలో, చట్టసభల్లో చర్చ జరిగింది. నిజానికి దాని పైభాగమూ గొట్టమూ ఉక్కువే, యంత్రానికి చక్కగా కనిపిస్తాయి. ఆ వివాదం కంపెనీకి నష్టం చేయకపోగా, పేరు తెలియనివారికి కూడా పేరు తెలిపింది.

1994లో అమెరికా ప్రభుత్వం పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లను కొత్తగా తయారుచేసి ప్రజలకు అమ్మరాదని చట్టం చేసింది. పాతవాటి అమ్మకానికి అడ్డు లేదు. చట్టం రాకముందే గ్లాక్ పెద్దయెత్తున తయారుచేసి నిల్వ పెట్టుకున్నది. చట్టం రాగానే పాత మ్యాగజైన్ల ధర ఎన్నో రెట్లు పెరిగింది. పదే తూటాలైనప్పుడు పెద్ద పిస్తోలు ఎందుకన్న ఆలోచనతో 1995లో జేబులో పట్టే చిన్న నమూనాలను విడుదల చేసింది. అడ్డుకట్ట వేసిన చట్టమే కొత్త సరుకుకు దారి అయింది. ఆ నిషేధం 2004లో గడువు ముగిసి తొలగిపోయింది.

చవక తుపాకి, దాచిన ఖరీదు

నిచ్చెన పైమెట్టు మీద గ్లాక్ వంటివి ఉంటే, క్రింది మెట్టు కథ వేరు. నాణ్యత లేని చవక చేతి తుపాకుల దిగుమతిని అమెరికా 1968లో చట్టం ద్వారా అరికట్టింది. దిగుమతిని ఆపింది గాని, దేశంలో తయారీని ఆపలేదు. ఆ సందులో లాస్ ఏంజెలెస్ నగర పరిసరాల్లో రేవన్, లోర్సిన్, బ్రైకో వంటి కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఉక్కుకు బదులు త్వరగా కరిగే జింకు మిశ్రమంతో పోతపోసి, నూరు డాలర్ల లోపు ధరకు అమ్మాయి. వీటి ప్రచారం సులువు. ధరే ప్రకటన. 'పేదవాడికి రక్షణ వద్దా?' అన్నదే వాదన.

కాని ధరలో తగ్గించిన ఖర్చు ఎక్కడికీ పోలేదు, మరొకరి నెత్తిన పడింది. 1994లో కాలిఫోర్నియాలో ఏడేళ్ల బాలుడు ఒక బ్రైకో పిస్తోలు నుండి ప్రమాదవశాత్తు పేలిన గుండు తగిలి మెడ క్రింది భాగమంతా చచ్చుబడి మంచానికి పరిమితమయ్యాడు. పెద్దవారు ఆ తుపాకి నుండి తూటాలు తీయబోతుండగా జరిగిన దుర్ఘటన అది. ఆ నమూనాలో తూటా తీయాలంటే ముందు భద్రతా మీటను వదులు చేయాలి. తూటా ఇరుక్కుపోయే లోపాన్ని కప్పిపుచ్చడానికే ఆ ఏర్పాటు చేశారని బాలుని తరఫు న్యాయవాదులు వాదించారు. 2003లో జ్యూరీ కంపెనీ పక్షం మీద సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్ల పరిహారం మోపింది. కంపెనీ వెంటనే దివాలా పిటిషను వేసింది. ఆస్తులు వేలానికి వచ్చినప్పుడు, మిగిలిన తుపాకులను కరిగించివేయాలని బాలుని పక్షం వారు చందాలు పోగుచేసి పాట పాడారు. చివరకు అదే కర్మాగారంలో పనిచేసిన ఉద్యోగి హెచ్చు పాట పాడి దక్కించుకుని, వేరే పేరుతో తయారీ సాగించాడు. 'కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి' అన్న సామెత ధరల గురించే పుట్టింది. ఇక్కడ మాత్రం కొన్నదే నిజంగా కొరివి అయింది.

భయం ఒక ఋతువు

మన వ్యాపారులకు దసరా, దీపావళి, సంక్రాంతి ఎటువంటివో, తుపాకి వ్యాపారికి భయం అటువంటి ఋతువు. కొత్త చట్టం వచ్చి తుపాకులు దొరకవన్న పుకారు పుట్టినప్పుడు, ఎన్నికల ముందు, అల్లర్ల వేళ అమ్మకాలు ఎగబాకుతాయి. కొనుగోలుకు ముందు ప్రభుత్వం జరిపే నేరచరిత్ర తనిఖీల లెక్క దీనికి గుర్తు. తనిఖీలన్నీ కొనుగోళ్లు కావు గాని, ఏ గాలి ఎటు వీస్తున్నదో అవి తెలుపుతాయి. 2019లో సుమారు 2 కోట్ల 84 లక్షలుగా ఉన్న ఈ తనిఖీలు, కరోనా మహమ్మారి, వీధి ఆందోళనలు, ఎన్నికలు ఒకేసారి వచ్చిన 2020లో 3 కోట్ల 97 లక్షలకు చేరాయి. భయం తగ్గితే వ్యాపారమూ తగ్గుతుంది. 2016 ఎన్నికల్లో తుపాకులకు అనుకూలుడైన అధ్యక్షుడు గెలవడంతో, ఇక చట్టాల భయం లేదని కొనుగోళ్లు మందగించాయి. తమకు ఇష్టమైన నాయకుడు గెలవడమే కంపెనీలకు నష్టమైన విడ్డూరం ఇది.

ప్యూ పరిశోధనా సంస్థ 2023లో జరిపిన సర్వేలో, తుపాకి ఉన్న అమెరికన్లలో 72 శాతం మంది అందుకు ముఖ్య కారణం ఆత్మరక్షణ అని చెప్పారు. వేట, క్రీడ వెనుకబడ్డాయి. 1987లో ఫ్లోరిడా రాష్ట్రం, అర్హులైన వారందరికీ తుపాకిని దుస్తుల చాటున దాచుకుని తిరిగే అనుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. తరువాత పలు రాష్ట్రాలు అదే బాట పట్టాయి. చట్టం మారగానే చిన్న తుపాకికి కొత్త అంగడి తెరుచుకున్నది.

స్త్రీలకు అమ్మే పద్ధతి కూడా ఈ కోవలోనిదే. స్మిత్ అండ్ వెసన్ 1989లో 'లేడీస్మిత్' పేరుతో స్త్రీల కోసమని ప్రత్యేక రివాల్వర్లు విడుదల చేసింది. ఇంట్లో మగవాడికి ఒక తుపాకి ఉన్నా, ఆమెకు వేరొకటి కావాలన్నది దాని అంతరార్థం. అరిగిపోని సరుకును ఒకే ఇంటికి రెండవసారి అమ్మే ఉపాయం ఇది.

సినిమా చేసే సాయం సరేసరి. 1971లో వచ్చిన 'డర్టీ హ్యారీ' చిత్రంలో నాయకుడు పట్టుకున్న స్మిత్ అండ్ వెసన్ భారీ రివాల్వరు, ఆ తరువాత దుకాణాల్లో దొరకక, సూచిత ధర కన్నా హెచ్చుకు అమ్ముడుపోయింది.

పేరు పోతే విలువ పోతుంది

కొనుగోలుదారుల నమ్మకమే అసలు మూలధనమని స్మిత్ అండ్ వెసన్ చరిత్ర మరొక రీతిలో చాటింది. 1987లో టామ్‌కిన్స్ అనే బ్రిటిష్ సంస్థ దానిని 11 కోట్ల 25 లక్షల డాలర్లకు కొన్నది. 2000 మార్చిలో ఆ కంపెనీ, పిల్లలు పేల్చకుండా తాళాలు అమర్చడం వంటి భద్రతా షరతులకు ఒప్పుకుంటూ అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. తుపాకి హక్కుల సంఘాల వారు దీనిని ద్రోహంగా భావించి బహిష్కరణకు పిలుపునిచ్చారు. అమ్మకాలు కూలిపోయాయి. 2001 మేలో టామ్‌కిన్స్ ఆ కంపెనీని 1 కోటి 50 లక్షల డాలర్ల నగదుకే, అప్పుల భారంతో సహా వదిలించుకున్నది. యంత్రాలు అవే, పనివారు వారే. మారింది కొనేవారి మనసు. మరొక సంగతి. ఈ ఉదంతం తరువాత భద్రతను గురించి ప్రభుత్వంతో అటువంటి ఒప్పందానికి ఏ పెద్ద కంపెనీ ముందుకు రాలేదు. పిల్లల ప్రాణాలు కాపాడే తాళం కన్నా కొనుగోలుదారుల కోపం బరువైనదని తూకం తేల్చింది.

మన దేశంలో

మన దేశంలో కథ తలక్రిందులు. 1959 నాటి ఆయుధాల చట్టం క్రింద లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు. 2019 సవరణతో ఒక వ్యక్తి గరిష్ఠంగా రెండు మాత్రమే ఉంచుకోవచ్చు. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సుదారులు ఠాణాలో తుపాకులు జమ చేయడం మన గ్రామాల్లో అందరూ చూచినదే. సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్య నుండి ఆగిపోవడంతో, చాలాకాలం ప్రభుత్వ కర్మాగారాలే ప్రధాన తయారీదారులు. పోటీ లేదు కాబట్టి ధర తగ్గవలసిన అవసరమూ లేదు.

2014 జనవరిలో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 'నిర్భీక్' అనే చిన్న రివాల్వరును స్త్రీల కోసమని విడుదల చేసింది. బరువు అర కిలో, ధర 1,22,360 రూపాయలు. నాటి మారకం ప్రకారం సుమారు రెండువేల డాలర్లు. ఆ సొమ్ముకు అమెరికాలో మంచి పిస్తోళ్లు మూడు వచ్చేవి. 2012 ఢిల్లీ దుర్ఘటనలో దేశం 'నిర్భయ'గా తలచుకున్న యువతి జ్ఞాపకం ఆ పేరులో ధ్వనించింది. బస్సులో, పొలం దారిలో, కళాశాల వద్ద ప్రమాదంలో ఉండే మన ఆడపిల్లల్లో లక్ష రూపాయల పైచిలుకు పెట్టి, లైసెన్సు సంపాదించి దానిని కొనగలిగేవారు ఎందరు? భయం అందరిది, సరుకు కొందరిది. 2025 సెప్టెంబరు 22 నుండి పిస్తోళ్లు, రివాల్వర్ల మీద జి.ఎస్.టి. 28 నుండి 40 శాతానికి పెరగడంతో ఈ దూరం ఇంకా పెరిగింది.

ఇంటి లెక్క

2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేథే పట్టణంలో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు ఒకరు జాతి విద్వేషంతో జరిగిన కాల్పుల్లో మరణించినప్పుడు తెలుగు ఇండ్లన్నీ కలవరపడ్డాయి. ఆ భయాన్ని ఎవరూ తేలికగా తీసివేయలేరు. అయితే భయం నిజమైనంత మాత్రాన, అమ్మేవాడు చూపే మందు కూడా నిజం కానక్కరలేదు.

సూచిత ధర చీటీలో లేని లెక్కలు కొన్ని ఉన్నాయి. 2021లో అమెరికాలో తుపాకి వలన 48,830 మంది మరణించారు. వారిలో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవారు. అనగా సగానికి మించి మరణాలు దొంగ వలన గాని, శత్రువు వలన గాని కాదు. కాలిఫోర్నియాలో రెండు కోట్ల అరవై లక్షల మంది వయోజనుల వివరాలను 2004 నుండి 2016 వరకు పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం మరొక సంగతి తేల్చింది. చేతి తుపాకి లేనివారితో పోలిస్తే, ఉన్న పురుషులు తుపాకితో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం సుమారు ఎనిమిది రెట్లు, స్త్రీలలో ముప్పది అయిదు రెట్లు. స్త్రీల రక్షణ పేరిట అమ్మిన సరుకు విషయంలో ఈ అంకెను ఏ ప్రకటనా చూపదు. పరీక్ష తప్పిన దిగులు, ఉద్యోగం పోయిన బాధ, అప్పుల ఒత్తిడి వచ్చిపోయేవి. ఆ ఘడియలో చేతికందే దూరంలో తుపాకి ఉండడం, లేకపోవడం మధ్య ఒక ప్రాణం ఉంటుంది.

పిల్లలు విదేశంలో ఉన్న తల్లిదండ్రులు మరొక విషయం తప్పక తెలుసుకోవాలి. విద్యార్థి వీసా గాని, హెచ్-1బి వంటి తాత్కాలిక ఉద్యోగ వీసా గాని మీద అమెరికాలో ఉన్నవారు తుపాకి కొనడం, దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం సాధారణంగా నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప వేరు దారి లేదు. స్నేహితుడు సరదాకు ఇచ్చిన తుపాకి వలన కూడా వీసా, చదువు, భవిష్యత్తు మూడూ పోగలవు. శాశ్వత నివాసపు గ్రీన్ కార్డు గలవారికి ఈ నిషేధం లేదు. అటువంటివారి ఇంట తుపాకి ఉంటే, తూటాలు తీసి, తుపాకిని ఒకచోట, తూటాలను మరొకచోట తాళం వేసి ఉంచుతున్నారా అని అడగండి. మనుమలను చూడడానికి అక్కడికి వెళ్లే తాతయ్యలు, అమ్మమ్మలు ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. అల్లుడు ఏమనుకుంటాడో, కోడలు ఏమనుకుంటుందో అన్న జంకు కన్నా పసిబిడ్డ ప్రాణం మిన్న.

ఈసారి ఫోనులో పిల్లలు తుపాకి మాట ఎత్తితే, కోప్పడకుండా రెండు ప్రశ్నలు వేయండి. మొదటిది, "నీ వీసాకు అది చట్టసమ్మతమేనా?" రెండవది, "నిన్ను భయపెట్టినది నీవు చూచిన సంఘటనా, లేక అమ్మేవాడు చూపించిన ప్రకటనా?" ఈ రెండింటికి నిదానంగా సమాధానం వెదికిన పిల్లలు తమ నిర్ణయం తాము సరిగ్గానే తీసుకోగలరు.